తొలి మంచుకు ముందూ వెనకా

కరుణ రసానికీ, ఎడబాటు శృంగారమైన విప్రలంభానికీ మధ్య మన లాక్షణికులు గీసిన గీత చాలా సన్ననిది. రెండింటా కన్నీరే. కరుణంలో ఆశ తెగిపోతుంది, విప్రలంభంలో ఆశే ఊపిరి. ఇంగ్లండు తోటల్లో తొలి మంచు వేళ జరిగే పనుల్లో ఉన్న రసమేదని అడిగితే, విప్రలంభమని తడుముకోకుండా చెబుతాను.

అందుకు గ్రేట్ డిక్స్‌టర్‌ను మించిన రంగస్థలం లేదు. ససెక్స్‌లోని నార్తియంలో ఉందా తోట. మన రాష్ట్రపతి భవన్‌కు రూపమిచ్చిన లట్యెన్స్ అక్కడ వేసిన గులాబీ తోటను 1993లో ఆ తోట యజమాని క్రిస్టఫర్ లాయిడ్ తీసేయించి, అరటి, మెట్టతామర, డాలియాలతో నింపాడు. ఎంత తెగువ! గులాబీ చలికి ఓర్చుకుంటుంది. డాలియా మెక్సికో బిడ్డ, ఒక్క రాత్రి గట్టి మంచు చాలు దానికి. మన చేలల్లో చామంతి విరిసే కార్తీకపు రోజుల్లోనే అక్కడ ఈ పూలు సెలవు తీసుకుంటాయి.

ఆ రాత్రి మబ్బు ఉండదు, గాలి ఉండదు. నేల దాచుకున్న వేడి అడ్డు లేకుండా ఆకాశానికి పోతుంది. బరువెక్కిన చల్లగాలి పల్లానికి జారి నిలుస్తుంది. ఆకులోని నీరు గడ్డకట్టి కణాలను చీలుస్తుంది. నిన్నటిదాకా నల్లరాగి ఆకుల మీద నెత్తురెరుపు పూలతో నిలబడ్డ ‘బిషప్ ఆఫ్ లాండాఫ్’ డాలియా, ఎండ తగిలేసరికి ఉడికిన ఆకుకూరలా వాలిపోతుంది. కొత్తవాళ్లు మొక్క చచ్చిందనుకుంటారు. తోటమాలి ఈ నలుపు కోసమే కాచుకుని ఉంటాడు. మన్ను కింద దుంపకు ఏమీ కాలేదని అతనికి తెలుసు.

కాండాన్ని జానెడు వదిలి కోస్తాడు. దూరంగా ఫోర్కు దించి, నాలుగు వైపులా కదిలించి, మన్నుతో సహా లేపుతాడు. దుంప మెడ సన్నం. అక్కడ విరిగితే ఇక మొలవదు, కన్ను ఉండేది మెడకు పైన, కాండం మొదట్లోనే. ఆ చేతుల మెలకువ చూసి తీరాలి! బోలు కాండంలోని నీరు కారిపోయేలా తలకిందులుగా ఆరబెట్టి, పేరు రాసిన చీటీ కట్టి, పొడి రంపపు పొట్టులో పడుకోబెడతాడు. మంచు సోకని చీకటి గది, 4 నుంచి 10 డిగ్రీల చల్లదనం. ఈ పనులన్నింటిలో నాకు అన్నిటికన్నా అందమైనది ఆ చీటీయే. ఆ మట్టిరంగు దుంపల్లో ఎరుపేదో పసుపేదో చెప్పే గుర్తు ఇంకొకటి లేదు. ఆర్నెల్ల ఎడబాటును ఆ రెండు మాటలే మోస్తాయి.

అరటిని పెకలించరు. చుట్టూ ఫెర్న్ ఆకులు దట్టంగా కూరి కడతారు. ఇదంతా గెల కోసం కాదు, ఆ జాతి పండు తినడానికి పనికిరాదు. వచ్చే వేసవిలో ఆ వెడల్పాటి ఆకు గుండా వెలుగు దిగే తీరు కోసం!

డాలియాలు ఖాళీ చేసిన చోట తులిప్ గడ్డలు దిగుతాయి. ఇక్కడ రసం మరో మలుపు తిరుగుతుంది. డాలియా చలిని తప్పించుకుంటే చాలు, తులిప్‌కు చలే కావాలి. సుమారు 12 వారాలు చల్లటి మన్నులో గడపకపోతే దాని కాడ సరిగా సాగదు, పువ్వు ఆకుల మధ్యే కుంచించుకుపోతుంది. వియోగమే శృంగారాన్ని పండిస్తుందన్న లాక్షణికుల తీర్పుకు ఇంతకన్నా సాక్ష్యం ఎక్కడ వెతకను? నాటడానికి నవంబరు దాకా ఆగడంలోనూ ఎరుక ఉంది. నేల చల్లబడితే తులిప్‌ను మాడ్చే బూజు తెగులు జోరు తగ్గుతుంది. అప్పుడు గడ్డ ఎత్తుకు మూడింతల లోతు తవ్వి, మొన పైకి పెట్టి పూడుస్తారు.