ఉచితం ఎవరి సొత్తు? చిక్కడపల్లి లైబ్రరీ నుంచి కొన్ని ప్రశ్నలు

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి ఒకసారి పొద్దున్నే పోయి చూడండి. ఆలస్యమైతే కుర్చీ దొరకదు. దొరకనోళ్లు ఆవరణలో చెట్ల కింద, మెట్ల మీద కూర్చుంటారు. చేతిలో ఫోను, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఒళ్లో జిరాక్స్ నోట్సు. అక్కడినుంచి అశోక్‌నగర్ దాకా హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, జిరాక్స్ షాపులు. గ్రూప్స్‌కీ డీఎస్సీకీ పోలీసు ఉద్యోగాలకీ చదివే వాళ్ల ఊరది. వాళ్లలో మన పిల్లలు చాలామంది ఉన్నారు. మాదిగ, మాల, బీసీ, గిరిజన కుటుంబాల్లో మొదటిసారి డిగ్రీ దాటినోళ్లు వాళ్లు.

అక్కడ ఒక చెల్లెతో మాట్లాడినం. పాలమూరు వైపు ఊరు. తల్లి కూలికి పోతది. "సార్, ఇప్పుడు అన్నీ ఫ్రీగనే దొరుకుతున్నయి గదా, ఇంక మీకేం కష్టం అంటరు. దొరుకుతున్నయి. కాని నా గురించి వెతికితే ఏం దొరుకుతలేదు" అన్నది. ఈ వ్యాసం ఆ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది.

ముందే ఒక విషయం స్పష్టం చేయదలచుకున్నాం. ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికే పాఠాలనూ పుస్తకాలనూ పరికరాలనూ వద్దనడానికి మేమిది రాయడం లేదు. చదువును తాళం వేసి దాచుకున్న సమాజం మనది. తాళం ఎక్కడ ఊడినా మనకు మంచిదే. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా, 2017లో కేంద్రం తెచ్చిన స్వయం, దీక్ష వేదికలు, టీశాట్ చానళ్లు, ఐఐటీ పంతుళ్ల ఎన్‌పీటెల్ పాఠాలు, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని స్కాన్ పుస్తకాలు మన టీచర్లు వాడాల్సినవే, పిల్లలకు చూపించాల్సినవే. నల్గొండ పల్లెలో ఫిజిక్స్ టీచరు లేని బడిలో ఒక మంచి వీడియో చేసే మేలు చిన్నది కాదు. మా అభ్యంతరం 'ఉచితం' అనే మాట చుట్టూ అల్లుకున్న భ్రమ మీద. ఉచితం అనగానే అందరిదీ అయిపోయినట్టు, అడగాల్సింది ఇంకేం లేనట్టు మాట్లాడుతున్నారే, దాని మీద.

మొదటి ప్రశ్న ఖర్చుది. ఉచిత పాఠం వినడానికి ఫోను కావాలి, డేటా కావాలి, కరెంటు కావాలి, కూర్చునే జాగా కావాలి, ఎవరూ పనికి పిలవని రెండు గంటలు కావాలి. వీటిలో ఏదీ ఉచితం కాదు. 2017–18లో జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ దఫా లెక్కల్లో దేశం మొత్తం మీద కంప్యూటర్ ఉన్న ఇళ్లు నూటికి 10.7. ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి నూటికి 23.8. పల్లెల్లో అయితే ఇంటర్నెట్ 14.9, కంప్యూటర్ 4.4. ఆ తర్వాత డేటా చవకై ఫోన్లు పెరిగాయి, నిజమే. కాని కరోనా మీద పడ్డ 2020లో దేశం నిలబడి ఉన్నది ఈ నేల మీదనే. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ ప్రభుత్వం టీశాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు మొదలుపెట్టింది. టీవీని ఎంచుకోవడంలోనే ఒక ఒప్పుకోలు ఉంది. అందరి చేతుల్లో ఇంటర్నెట్ లేదని సర్కారుకు తెలుసు. వాడలో ఒక ఇంట్లో ఒకే ఫోను, ముగ్గురు పిల్లలు, ఆ ఫోను తండ్రి జేబులో అడ్డా మీద. ఇది మనలో చాలామందికి ఎవరూ చెప్పాల్సిన పనిలేని సంగతి.

ఇంకో సంగతి. స్వయంలో పాఠం వినడం ఉచితం. పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటే మాత్రం ఫీజు కట్టాలి. అంటే జ్ఞానం ఉచితం, దానికి గుర్తింపు వెల. గుర్తింపే కదా మనకు నిరాకరించబడింది! పై కులపోడికి సర్టిఫికెట్ లేకున్నా తెలివి ఉన్నట్టే లెక్క. మనోడికి సర్టిఫికెట్ ఉన్నా 'రిజర్వేషన్ కదా' అంటారు. కాబట్టి కాగితం విలువ ఎవరికెక్కువో వేరే చెప్పనక్కర్లేదు. పైగా ఆ పాఠాల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషులోనే ఉన్నాయి.

రెండో ప్రశ్న లోపల ఏముందనేది. మేము దీన్నే ముఖ్యమనుకుంటున్నాం.

తెలంగాణ వచ్చాక తయారైన పదో తరగతి తెలుగు వాచకంలో 'భాగ్యోదయం' అనే పాఠం పెట్టారు. కృష్ణస్వామి ముదిరాజ్ రాసింది. భాగ్యరెడ్డి వర్మ గురించి. ఈ పాఠం వాచకంలోకి రావడం చిన్న గెలుపు కాదు. 1888లో పుట్టిన ఆ మనిషి 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు. 1911లో మాన్య సంఘం పెట్టాడు. 1917లో బెజవాడ సభకు అధ్యక్షత వహించి, 'పంచములు' అనే పేరును తిరస్కరించి, మేము ఆది ఆంధ్రులం అన్నాడు. 1910లో ఇసామియా బజారులో బడి తెరిచాడు. రెండు దశాబ్దాల్లో ఆ బడులు ఇరవై దాటాయి. చివరికి నిజాం ప్రభుత్వం వాటిని తన చేతిలోకి తీసుకున్నది. నారాయణగూడ చౌరస్తా నుంచి ఇసామియా బజారు ఎంతో దూరం లేదు. నారాయణగూడ అనగానే మాడపాటి హనుమంతరావు పేరుతో ఉన్న బాలికల పాఠశాల అందరికీ గుర్తొస్తుంది, రావాల్సిందే. ఆది హిందూ బడులు ఎందరికి గుర్తొస్తాయి?

ఈ పాఠం మీద ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికే వీడియోలూ నోట్సూ కొన్ని వరుసగా చూశాం. గ్రూప్స్ సిలబస్‌లో ఆది హిందూ ఉద్యమం ఉంది కాబట్టి ఆ నోట్సూ చూశాం. తేదీలు సరిగ్గానే ఉన్నాయి. 1906 ఏది, 1911 ఏది, జతపరచుము. అంతే. ఒక మనిషి సొంతంగా బడులు ఎందుకు కట్టాల్సి వచ్చింది, అప్పటికే ఉన్న బడుల్లో ఈ పిల్లలను ఎవరు కూర్చోనివ్వలేదు, ఆ కూర్చోనివ్వనోళ్ల కులమేంది అన్న ప్రశ్న మేము చూసినవాటిలో లేదు. 'అణగారిన వర్గాల అభ్యున్నతికి కృషి చేసిన మహనీయుడు' అనే వాక్యం మాత్రం అక్షరం మారకుండా ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోయింది. అణచినోడు వాక్యంలో లేడు. అణగారడం వానాకాలం తేమలాగా దానంతటదే జరిగిపోయింది! ఉద్యమాన్ని బిట్టుగా మార్చి పంచిపెట్టడమే ఈ ఉచితం చేసిన పని. మార్కు వస్తది. చైతన్యం రాదు. ఆ చెల్లె 'నా గురించి దొరుకుతలేదు' అన్నది ఇందుకే.

దీనికి ఆ వీడియో చేసిన టీచరును తిట్టి లాభం లేదు. ఆయనకూ ఇంతకన్నా ఎక్కువ దొరకలేదు. ఎందుకు దొరకలేదు? ఇక్కడ మూడో ప్రశ్నకు వస్తాం.

ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉన్న తెలుగు ఎక్కడినుంచి వచ్చింది? మన కాపీరైటు చట్టం ప్రకారం రచయిత చనిపోయిన సంవత్సరం తర్వాత 60 ఏళ్లు గడిస్తే ఆ రచన అందరిదవుతుంది. అంటే ఎవరినీ అడగకుండా స్కాన్ చేసి పెట్టగలిగేది 1965 నాటికి పోయినవాళ్ల పుస్తకాలు. ఆనాటికి తెలుగులో పుస్తకం రాసి, అచ్చు వేయించి, గ్రంథాలయంలో భద్రం చేయించుకోగలిగిన కులాలు ఏవి? డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో 2000 తర్వాత పెద్ద ఎత్తున స్కానింగ్ జరిగింది. మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ దానికి ఒక ముఖ్య కేంద్రం. ఆ సైటు మూతపడ్డా పుస్తకాలు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. గొప్ప పని, కాదనం. కాని గ్రంథాలయం బీరువాలో ఏముంటే స్కానర్ కిందికి అదే వచ్చింది. ప్రబంధాలు, పురాణాలు, శతకాలు, వ్యాఖ్యానాలు వచ్చాయి. బీరువాలోకి రానిది తెర మీదికి ఎట్లొస్తుంది?

మన సాహిత్యం సంగతి చూడండి. 'గబ్బిలం' 1941లో వచ్చింది. జాషువా 1971లో పోయాడు. చట్టం లెక్కన ఆయన రచనలు అందరివి కావాలంటే 2032 రావాలి. బొజ్జా తారకం 2016లో పోయారు. ఆయన రాతలకు 2077 రావాలి. కారంచేడు 1985లో, చుండూరు 1991లో. ఆ నెత్తుటి నుంచి పుట్టిన కవిత్వం, కథ, 'నలుపు' లాంటి పత్రికలు, 1995లో వచ్చిన 'చిక్కనవుతున్న పాట' అన్నీ నిన్నమొన్నటివి. మనకు అక్షరం ఆలస్యంగా ఇచ్చారు. ఆలస్యంగా రాశాం కాబట్టి ఆలస్యంగానే ఉచితమవుతాం. చట్టంలో కులం పేరు ఎక్కడా లేదు. ఫలితంలో మాత్రం ఉంది.

దీనికి తోడు ఇంకో చిక్కు. తొంభైలలో మన పత్రికలూ కరపత్రాలూ డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలో కూర్చబడ్డాయి. యూనికోడ్ కానివి. ఫైలు మిగిలి ఉన్నా దాన్ని అట్లాగే ఆన్‌లైన్‌లో పెడితే వెతికేవాడికి తగలదు. చాలావాటికి ఫైలు కూడా మిగల్లేదు. ఎవరి ఇంట్లోనో అటక మీద, గోనె సంచిలో, చెదలకు దగ్గరగా ఉన్నాయి.

ఇప్పుడు ప్రశ్న అడిగితే జవాబు రాసిచ్చే యంత్రాలొచ్చాయి. కొంతమేరకు అవీ ఉచితమే. టీచర్లు పాఠ్య ప్రణాళికలు రాయించుకుంటున్నారు, పిల్లలు వ్యాసాలు రాయించుకుంటున్నారు. ఏ రాత పెడితే ఆ రాత నుంచే ఆ యంత్రం నేర్చుకుంటుంది. తెలుగు పేరుతో దాని ముందు పోగుపడిన కుప్పలో మనం పిడికెడు. రేపు అది చెప్పే 'తెలుగు సంస్కృతి'లో పండుగ ఉంటుంది, పద్యం ఉంటుంది. డప్పు 'జానపద కళ' అనే మూలన ఉంటుంది. ఊరవతల బావి ఉంటుందా? ఈ భయం మేము ఊహించుకున్నది కాదు. పాత బీరువా నుంచి కొత్త తెర దాకా వచ్చిన దారిని చూసి అంటున్నాం.

మరి మనమేం చేశాం? ఈ ప్రశ్న మన మీద మనం వేసుకోకుండా తప్పించుకోలేం. చేసినవాళ్లున్నారు. దళిత్ కెమెరా మిత్రులు ఒక చిన్న కెమెరా పట్టుకొని ఉద్యమకారుల మాటలను వాళ్ల నోటితోనే రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టారు. రౌండ్ టేబుల్ ఇండియా మిత్రులు సంపాదకులు తిప్పికొట్టే రాతలకు చోటిచ్చారు. ఇవి ఏ పాఠ్య ప్రణాళిక కమిటీ అనుమతీ లేకుండా నిలబడ్డ తరగతి గదులు. ఇక మా లాంటి పరిశోధకుల సంగతి చెప్పుకోవాలి. వాడ మీద థీసిస్ రాస్తాం, ఇంగ్లీషులో రాస్తాం, డబ్బు కడితేగాని తెరుచుకోని జర్నళ్లలో వేస్తాం. మాకు జీవితం చెప్పిన తల్లులకూ, చిక్కడపల్లిలో చదివే వాళ్ల పిల్లలకూ అది చేరదు. ఇది కూడా ఒక అంటరానితనమే అంటే మనం నొచ్చుకోకూడదు.

అట్లాగని దళిత రచయితను 'నీ పుస్తకం ఉచితంగా పెట్టు' అని ఆదేశించే హక్కు ఎవరికీ లేదు. అప్పు చేసి అచ్చేసిన పుస్తకం అది. పెద్ద జీతమున్న ప్రొఫెసరు ఉదారతా, కూలి చేసుకుంటూ రాసిన కవి ఉదారతా ఒకటి కావు. దీనికి దారి ఉంది. 1979 నుంచి మహారాష్ట్ర ప్రభుత్వం అంబేడ్కర్ రచనలను ప్రజల సొమ్ముతో అచ్చేసింది. ఆ సంపుటాలు ఇవాళ ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఖర్చు లేకుండా ఉచితం కాలేదు. ఖర్చును సర్కారు భరించింది కాబట్టి అయింది. జాషువాకూ తారకానికీ, తొంభైల చిన్న పత్రికలకూ అదే చేయమంటున్నాం. రచయితకో కుటుంబానికో గౌరవంగా ప్రతిఫలమిచ్చి, యూనికోడ్‌లో ఎక్కించి, అందరికీ తెరవాలి. హిమాయత్‌నగర్‌లో తెలుగు అకాడమీ ఉంది, తెలుగు విశ్వవిద్యాలయం ఉంది. ఇవి చేయగలిగిన పనే.

చిక్కడపల్లి లైబ్రరీ కూడా ఉచితం కాదు, గుర్తుంచుకోండి. గ్రంథాలయ చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు సెస్సు. అద్దెకున్నోడి అద్దెలోనూ అది కలిసే ఉంటది. మన సొమ్ముతో నడిచేది దానం కాదు, హక్కు. దానమైతే చేతులు కట్టుకుని తీసుకోవాలి. హక్కయితే లోపల ఏముందని నిలదీయొచ్చు. ఉచితానికీ ప్రజలదానికీ తేడా ఇదే.

1923లో బొంబాయి శాసనమండలి ప్రభుత్వ చెరువులూ బావులూ అందరికీ తెరవాలని తీర్మానించింది. 1924లో మహద్ మునిసిపాలిటీ చవదార్ చెరువు తెరిచామన్నది. కాగితం మీద చెరువు ఉచితమే. నీళ్లు మాత్రం ముట్టనివ్వలేదు. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో నడిచిపోయి దోసిలి పట్టిన తర్వాతే అది ఎవరిదన్న ప్రశ్న దేశం ముందుకొచ్చింది. తెరిచామనడం వేరు, దిగడం వేరు.

కాబట్టి టీచర్లకూ విద్యార్థులకూ మా విన్నపం ఇది. ఉచిత పాఠాన్ని క్లాసులో చూపించండి. చూపించాక ఇందులో ఎవరు లేరు, ఎందుకు లేరు అని అడగండి. 'భాగ్యోదయం' చెప్పే రోజు పిల్లల్ని వాళ్ల అవ్వను అడిగి రమ్మనండి: నిన్ను బడికి ఎవరు రానియ్యలే? ఆ జవాబును ఫోన్‌లోనే రికార్డు చేయించండి, తెలుగులో రాయించండి. వాళ్లు ఒప్పుకుంటేనే నలుగురి ముందు పెట్టండి. అటకల మీది సంచులు దించండి. రేపు పాలమూరు చెల్లె లాంటి ఇంకో పిల్ల ఫోన్‌లో తన గురించి వెతికితే కనీసం ఒక్క పేజీ తగలాలి. అది మనం రాసిందై ఉండాలి.