మా పాటకు కొలత ఎవరిది?

పద్యనాటకాన్ని విప్పి చూసేటందుకు తెలుగు విమర్శ కొన్ని మాటలిచ్చింది. యతి, ప్రాస, సంధి, అంగిరసం, పాత్రోచిత భాష. బడిలో మేమూ ఇవే బట్టీ పట్టినం. వాటి మీద మాకు పగ లేదు. కానీ మేడ్చల్, శామీర్‌పేట పల్లెల పీర్ల పాటల ముందు ఆ మాటలు పెడితే మా పాటకు పేరే దొరకదు. పేరు దొరకనిదాన్ని 'జానపదం' అనే సంచిలో వేసి మూతి కట్టేస్తరు.

సంధులే తీసుకోండి. ముఖం, ప్రతిముఖం, గర్భం, అవమర్శ, నిర్వహణ. చివరికి నాయకుడికి ఫలం దక్కాలె. అంగిరసం వీరమో శృంగారమో కావాలె. చావు రంగం మీద కనబడొద్దు. మరి క్రీ.శ. 680లో కర్బలాలో గుక్కెడు నీళ్ళు దొరక్క తన మనుషులతోపాటు ప్రాణమిచ్చిన హుస్సేన్ కథలో ఫలాగమం ఎక్కడ వెతకాలె? ఈ లెక్కన మా కథ నాటకానికి పనికిరాదు. లోపం కథదా, లెక్కదా?

ఉర్దూ మర్సియా తన మాటలు తనే చేసుకుంది. 19వ శతాబ్దంలో లక్నోలో మీర్ అనీస్, మీర్జా దబీర్ చేతుల్లో అది ఒక తీరుకొచ్చింది. (అనీస్ 1871లో మన హైదరాబాదుకూ వచ్చిండు.) చెహ్రా అంటే ఎత్తుగడ. సరాపా వీరుడి రూపం. రుఖ్సత్ డేరాలో ఆడవాళ్ళ దగ్గర సెలవు తీసుకోవడం. ఆమద్ రణంలోకి రావడం. రజజ్ వీరుడు తన వంశం చెప్పి శత్రువును సవాలు చేయడం. ఆ తర్వాత జంగ్, షహాదత్. చివర బైన్, మిగిలినోళ్ళ ఏడుపు. మర్సియా నాటకం కాదు, మింబర్ మీద ఒక్కడే చదువుతడు. కానీ ఇందరి గొంతులు ఆ ఒక్క గొంతులోంచే వస్తయి.

దాని ముసద్దస్ ఆరు పాదాలది. మొదటి నాలుగింటికి ఒక కాఫియా, చివరి రెంటికి వేరే. ఆ రెండే టీప్. గొంతు లేచేదక్కడ. మన సీసాన్ని చూడండి! నాలుగు పొడుగు పాదాలు నడిచినంక ఆటవెలదో తేటగీతో రావాల్సిందే. స్టేజీ మీద సీసం పాడేటాయన దెబ్బ కొట్టేది ఎక్కువగా ఆ గీతి దగ్గరే. ఈ చుట్టరికాన్ని ఏ పాఠ్యపుస్తకం మాకు చెప్పింది?

ఇక యతి. సంస్కృతంలో యతి అంటే విరుపు. తెలుగులో అక్షరమైత్రి. పీర్ల పాటలో ఒకరు అంటే గుంపు అందుకుంటది, అలావ చుట్టూ అడుగు పడ్డచోట పాదం విరుగుతది. ప్రాస రెండో అక్షరంలో దొరక్కపోవచ్చు. మా చెవి పాదం చివర కాచుకొని ఉంటది, కాఫియా ఉండేది అక్కడ. 'యతిప్రాసలు లేవు' అనేటోళ్ళు ఏ యతి అడుగుతున్నరు?

అన్నిటికన్నా గుచ్చుకునేది పాత్రోచిత భాష. వేదం వేంకటరాయశాస్త్రి 1897 నాటి 'ప్రతాపరుద్రీయం'లో ఉత్తమ పాత్రలకు గ్రాంథికం, తురకలకు తురక తెలుగు. సహజత్వమని మెచ్చుకున్నరు. ఆ మెప్పు చాటున మా నోట్లో విరిగిన తెలుగు పెట్టడం అలవాటైపోయింది. మరి పిఠాపురం సూఫీ పీఠాధిపతి ఉమర్ ఆలీషా (1885-1945) 'అనసూయ', 'దానవవధ' వంటి నాటకాలు రాసిండు. పాత్రోచితం ప్రకారం ఆయన ఏ తెలుగు మాట్లాడాలె? జవాబు లేదు గనక 'ముస్లిం అయ్యుండీ పద్యం రాశాడు' అని మెచ్చుకుంటరు. ఆ 'అయ్యుండీ' మాకు అక్కర్లేదు.

మా మాటలతో మీ నాటకాన్నీ చదవొచ్చు. రాయబారం పద్యాల్లో రజజ్ పొగరు వినబడుతది. హరిశ్చంద్ర కాటిసీనులో చంద్రమతి శోకం బైన్ కాక మరేంది? ఆ సీనులోకి జాషువా పద్యాలు తెచ్చుకొని పాడినప్పుడు నటులు ఎవరి అనుమతీ అడగలేదు. విమర్శకులే ఇంకా గుమ్మం బయట నిలబడ్డరు.

ఔటర్ రింగు రోడ్డు, వెంచర్లు వచ్చినంక మా పల్లెల్లో పీర్ల కొట్టాలు ప్లాట్ల నడుమ ఇరుక్కున్నయి. పాట తెలిసిన ముసలోళ్ళు, ముస్లింలే కాదు అన్ని కులాలోళ్ళు, తగ్గిపోతున్నరు. రాసుకునేటోళ్ళు మాటలొక్కటే రాసుకొని పోతే చాలదు. అడుగు ఎక్కడ పడింది, డప్పు ఎక్కడ ఆగింది, గుంపు ఏ మాట దగ్గర అందుకుంది, అవీ పక్కన రాయాలె.