ఆచారములు భయమునుండి పుట్టినవేనా?

మనుష్యులు మ్రొక్కుబడులు, స్నానములు, దీపములు, ఉపవాసములు ఏల పెట్టుకొన్నారని అడిగినయెడల, నాలుగు పుస్తకములు చదివినవారు తడుముకొనక “భయమువలన” అని చెప్పుదురు. ఈ జవాబు మన సంఘములలోని యౌవనస్థుల నోటను వినబడుచున్నది. పొరుగువారి పూజలను కొట్టివేయుటకు మన పెద్దలును దానినే వాడుచున్నారు. గనుక ఆ జవాబు ఎక్కడనుండి వచ్చెనో, ఎంతవరకు నిలుచునో పరీక్షించుట మంచిది.

దానికి బలమైన ఆధారము బ్రోనిస్లా మాలినోవ్‌స్కీ అను పోలెండు దేశస్థుని వ్రాతలలో నున్నది. అతడు 1915 మొదలు 1918 వరకు గల కాలములో సుమారు రెండేండ్లు న్యూగినీకి తూర్పుననున్న ట్రోబ్రియాండు దీవులలో గుడారము వేసికొని, అక్కడివారి భాష నేర్చుకొని, వారి నడుమ నివసించెను. 1925లో మంత్రము, శాస్త్రము, మతము అను మూడింటిని గూర్చి అతడు ప్రకటించిన వ్యాసములో ఒక సంగతి కలదు. ఆ దీవులవారు పగడపు దిబ్బలకు లోపల, అలలు లేని నీటిలో మొక్కల విషము కలిపి చేపలు పట్టుదురు. అక్కడ అపాయము లేదు, చేపలు తప్పక దొరకును, మంత్రమును లేదు. బయటి సముద్రముమీదికి పోవునప్పుడు మాత్రము ఎన్నో మంత్రములు, ఎన్నో క్రియలు. మన తీరగ్రామములలో పడవ నెక్కువారికి దీని భావము వివరించి చెప్పనక్కరలేదు. మనుష్యుని చేతనైన పని ముగిసిన చోట ఆచారము మొదలగునని ఆ పండితుని తీర్పు.

అతడు ఆ జనులను వెర్రివారినిగా చూపలేదు. ఏ నేల మంచిదో, ఏ విత్తనపు దుంప మేలైనదో, కలుపు ఎప్పుడు తీయవలెనో వారికి బాగుగా తెలియుననియు, పని మానివేసి మంత్రముతోనే తోట పండించుకొనుడని చెప్పినయెడల వారు నవ్వుదురనియు వ్రాసెను. అన్యజనుల ఆచారములను గూర్చి వ్రాయువారందరును ఇంత న్యాయముగా వ్రాసిన బాగుండెడిది.

అయితే అతడు చూచినదంతయు ఈ ఒక్క సిద్ధాంతములో ఇముడుట లేదు. 1916లో అదే దీవులను గూర్చి అతడు వ్రాసిన మరియొక వ్యాసములో మిలమల అను పండుగ సంగతి కలదు. అది పెండలపు దుంపల కోత ముగిసిన పిమ్మట వచ్చును. దుంపలు ఇండ్లలో చేరినవి, ఆకలి భయము తీరినది. అప్పుడు ఊరివారు నాట్యము చేయుదురు. చనిపోయిన తమవారు ఊరికి వచ్చిరని తలంచి వారికొరకు ఆహారము పెట్టుదురు. పండుగ ముగింపున డోళ్లు వాయించి వారిని సాగనంపుదురు. ఆ ఆత్మలకు జనులు పెద్దగా భయపడరని అతడే చెప్పుచున్నాడు. చనిపోయినవారు అట్లు తిరిగి వచ్చుదురను నమ్మకము మనకు లేదు. అది వేరు మాట. ఇక్కడ మనము చూడవలసినది ఇది: అపాయము గడచి, గాదె నిండిన తరువాత కూడ మనుష్యుడు ఆచారము జరిగించుచున్నాడు. మంత్రము ఒక పని నెరవేరుటకు చేయబడుననియు, మతాచారమునకు దానిలోనే దాని ప్రయోజనము కలదనియు మాలినోవ్‌స్కీ తానే భేదము చూపెను. అతని పేరు చెప్పువారు సముద్రపు కథను పట్టుకొని ఈ భేదమును విడిచిపెట్టిరి.

1939లో రాడ్‌క్లిఫ్ బ్రౌన్ అను ఆంగ్లేయ పండితుడు ఈ సిద్ధాంతమును తలక్రిందులు చేసెను. అతడు మన బంగాళాఖాతములోని అండమాను దీవులలో ఉండి వచ్చినవాడు. అక్కడ బిడ్డ గర్భములో నుండగానే దానికి పేరు పెట్టుదురు. అప్పటినుండి పుట్టిన కొన్ని వారముల వరకు తలిదండ్రుల పేర్లు ఎవరును పలుకరు. “ఫలాని బిడ్డ తండ్రి, ఫలాని బిడ్డ తల్లి” అందురు. తలిదండ్రులు కొన్ని మాంసములు ముట్టరు. ఈ నియమమే లేకపోయినయెడల, ఆ మాంసము తినినందున కీడు కలుగునేమో అను భయమును వారికి ఉండదు గదా అని అతని వాదము. భయము ఆచారమును పుట్టించునేమో గాని, ఆచారము కూడ భయమును పుట్టించును. అయినను ఆ నియమము వ్యర్థమని అతడు చెప్పలేదు. ఒక బిడ్డ పుట్టుట ఊరంతటికి చెందిన కార్యమని అది అందరికి తెలియజేయుచున్నది. నా మట్టుకు నాకు, మాలినోవ్‌స్కీ వివరణకంటె ఇది మన ఊళ్లకు దగ్గరగా తోచుచున్నది. పెండ్లిలో పదిమంది ఎదుట ప్రమాణము చేయించుట ఎవరి భయము తీర్చుటకు?

డోర్నకల్‌లో 1912 మొదలు 1945 వరకు బిషప్పుగా నుండిన అజరయ్యగారు, బాప్తిస్మము పొందినవారిచేత తమ తలమీద చేయి పెట్టించి, సువార్త చెప్పనియెడల తమకు శ్రమ అని పలికించెడివారు. చదువు రాని కూలివానికి ఇది కాగితముమీది సంతకమువంటిది. నోటి మాట మరచిపోవచ్చును. తలమీద పెట్టిన చేతిని మరచుట కష్టము.

ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయములోని ప్రథమఫలముల గంపను చూడుడి. పంట ఇంటికి వచ్చినది, అడుగవలసినది ఏమియు లేదు. అయినను రైతు గంప మోసికొని పోయి, తన పితరుడు తిరుగులాడు పరదేశియనియు, తనవారు ఐగుప్తులో దాసులై యుండిరనియు నోటితో ఒప్పుకొనవలెను. తరువాత లేవీయునితోను పరదేశితోను కలిసి సంతోషింపవలెను. గాదె నిండినవాడు తన దరిద్రమును మరచిపోవును. ఆ మరపునకు అడ్డముగా ఈ ఆచారము నిలిచినది. ఇశ్రాయేలీయులు పరదేశిని విడిచిపెట్టి గంప మాత్రము తెచ్చిన దినములు వచ్చినప్పుడు, ఆమోసు, యెషయా అను ప్రవక్తలు ఎంత కఠినముగా మాటలాడిరో చదువరులకు తెలియును.

కాబట్టి పొరుగువాని ఆచారమంతయు భయము, మన ఆచారమంతయు భక్తి అని రెండు త్రాసులు పెట్టుట న్యాయము కాదు. దృష్టి తగులకుండ బిడ్డ తలగడ క్రింద వేదపుస్తకము పెట్టు తల్లులు మన సంఘములలో లేరా? అది ట్రోబ్రియాండు సముద్రపు మంత్రమునకు ఎంత దూరము? మన పంట పండుగ కూడ ఈ పరీక్షకు రావలెను. ఏటేట గుమ్మడికాయలు, కోళ్లు, ధాన్యపు మూటలు బల్లమీదికి వచ్చుచున్నవి. వేలముపాట మధ్యాహ్నము దాటువరకు సాగుచున్నది. ఎవరు ఎంతకు పాడిరో గుమాస్తా జాగ్రత్తగా వ్రాసికొనుచున్నాడు. ఆ దినమున మన మధ్య భోజనమునకు కూర్చున్న పరదేశి ఎవరో ఆ లెక్కల పుస్తకములో కనబడుట లేదు.