మీ పేరేంటమ్మా?

"సత్యవతిగారేనా?" అని అడగకూడదు, "మీ పేరేంటమ్మా?" అని అడగాలి. నర్సుగా చేరిన కొత్తలో మా హెడ్ సిస్టర్ ఈ మాట పదే పదే చెప్పేవారు. రెంటికీ తేడా ఏమిటో ఒక రాత్రి డ్యూటీలో తెలిసింది.

వార్డులో ఇద్దరు సత్యవతులు. రక్తం ఎక్కించాల్సింది 14వ మంచం ఆమెకి. సంచి పట్టుకెళ్లి "సత్యవతిగారేనా?" అన్నాను. ఆమె మగతలోనే "ఊఁ" అంది. మన పెద్దవాళ్లు ఆస్పత్రిలో ఏమడిగినా ఊఁ అంటారు, కాదంటే మనకి కోపం వస్తుందేమోనని భయం. ఇద్దరు నర్సులు సరిచూశాకే ఎక్కించాలని నియమం. రెండో సిస్టర్ పక్క వార్డులో ఉంది. సంచి ఫ్రిజ్‌లోంచి తీసిన అరగంటలో మొదలుపెట్టాలి. ఒక్కదాన్నే కానిచ్చేద్దామా అనిపించింది. అయినా ఆగాను.

రెండో సిస్టర్ వస్తూనే, "అమ్మా, మీ పేరు, మీ ఆయన పేరు చెప్పండి" అంది. ఆ తరం ఆడవాళ్లు భర్త పేరు పలకరు. కింద చాప మీద పడుకున్న కూతుర్ని లేపి చెప్పించింది. కేస్ షీట్‌లో ఉన్న పేరు అది కాదు! ఫ్యాన్ తిరగడం లేదని సాయంత్రం ఇద్దరు సత్యవతులూ మంచాలు మార్చుకున్నారట. నా చేతిలో ఉన్నది బి పాజిటివ్. ఆమెది ఓ.

రక్తంలో గ్రూపులున్నాయని లాండ్‌స్టైనర్ అనే శాస్త్రవేత్త 1901లోనే ప్రకటించాడు. ఓ గ్రూపు వాళ్ల ఒంట్లో ఎ, బి కణాలను పగలగొట్టే యాంటీబాడీలు సిద్ధంగా ఉంటాయి. కొద్దిగా ఎక్కినా చలి, నడుంనొప్పి, ఎర్రటి మూత్రం మొదలవుతాయి, కిడ్నీలు దెబ్బతిని ప్రాణమే పోవచ్చు. మొదటి 15 నిమిషాలు రోగి పక్కనుంచి కదలొద్దన్నది అందుకే. మంచం నంబరును నమ్మొద్దన్నదీ అందుకే.

ప్రొసీజర్లంటే ఫైళ్ల కోసం రాసుకునేవని కొత్త పిల్లలు అంటుంటే నాకు బాధేస్తుంది. అయితే తప్పంతా వాళ్లదే కాదు. రాత్రి వార్డుకి ఒక్క నర్సునే వేసి, ఇద్దరు సరిచూడాలని గోడకి కాగితం అంటిస్తే ఆ రెండో మనిషి ఎక్కణ్నుంచి వస్తుంది?

ఈమధ్య కంటి ఆపరేషన్‌కి వెళ్లాను. అక్కడి సిస్టర్ నా దగ్గర పని నేర్చుకున్న పిల్లే. "మేడమ్, మీ పేరు చెప్పండి. ఏ కన్ను?" అని అడిగింది. ఇంటిపేరుతో సహా చెప్పి, కుడి కన్ను చూపించాను.