అడవి బడిలో పాఠము కూర్చువారెవరు?

మార్చి, ఏప్రిల్ నెలలలో ఖమ్మం, భద్రాచలం ప్రాంతపు అడవి పల్లెలలో పిల్లలు తెల్లవారకముందే లేచి, పెద్దలతో కలసి ఇప్పపూలు ఏరుకొందురు. వానిని ఎండబెట్టి బడికి వత్తురు. ఆనాటి విజ్ఞాన పాఠము కిణ్వనమైనచో, అది పెరుగుతోనో ఇడ్లీ పిండితోనో ప్రారంభమగును. ఇందు తప్పు లేదు. కాని పిల్లల చేతులకు అంటిన వాసనయే ఆ పాఠమునకు తగిన ఉదాహరణమని గుర్తింపగలవారు అచటి ఉపాధ్యాయులే. మరి పాఠమును కూర్చుటలో వారికి చోటున్నదా?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. బ్రిటిష్ సహాయముతో 1980వ దశకమున ప్రయోగరూపమున మొదలై, తరువాత రాష్ట్రమంతటికి విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకము ఆరు బోధనా సూత్రములను చెప్పినది. ఉపాధ్యాయులే కృత్యములను కల్పించవలెననుట, స్థానిక పరిసరములను వాడుకొనవలెననుట వానిలోనివి. ఉపాధ్యాయులు కలసి మాటలాడుకొనుటకు కేంద్రములు కూడ ఏర్పడినవి. పాఠమును కూర్చువారు ఉపాధ్యాయులని అంగీకరించుట ఆ పథకమునందలి గొప్ప గుణము. అయితే ఆ ఆరింటిలో పిల్లల పనులను తరగతి గదిలో ప్రదర్శించుట కూడ ఒకటి. గోడమీది బొమ్మ తనిఖీకి వచ్చినవారికి వెంటనే కనబడును. కృత్యము వెనుకనున్న ప్రశ్న కనబడదు. కనబడుదానికే విలువ కట్టినచో ఉపాధ్యాయుల కల్పన కేవలము అలంకారముగా మారును.

2004లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమము ఎనిమిది గిరిజన భాషలను చేపట్టినది. అందు కోయ ఒకటి. వాచకములు తెలుగు లిపిలో వెలువడినవి. ఆ భాషలు తెలిసిన ఉపాధ్యాయులు రచనలో పాల్గొనిరి. ఇచటి సహకారము అవసరమునుండి పుట్టినది. భాషావేత్తకు ధ్వనుల శాస్త్రము తెలియును, ఇంటిలో ఆ మాట పలుకు తీరు తెలియదు. కోయ ఉపాధ్యాయునికి మాట తెలియును, దానిని లిపిలో నిలుపుట క్రొత్త. ఒకరి కొరతను మరొకరు తీర్చినపుడే కలసి పనిచేయుట సార్థకమగును. కాని ఈ ప్రయత్నము ప్రాథమిక తరగతులను దాటలేదు. పారిభాషిక పదములు గుట్టలుగా వచ్చిపడునది ఉన్నత పాఠశాలలోనే గదా!

ఇప్పపూవునే తీసికొందము. అది రాత్రివేళ విచ్చుననియు, గబ్బిలములు పరాగసంపర్కమునకు తోడ్పడుననియు, తెల్లవారుజామున రాలునది కండగల తీయని ఆకర్షణపత్రావళి యనియు జీవశాస్త్రోపాధ్యాయులు చెప్పగలరు. పూలలోని చక్కెరను ఈస్టు ఆల్కహాలుగను, కార్బన్ డయాక్సైడుగను మార్చు విధమును రసాయన శాస్త్రము తెలిసినవారు వివరింపగలరు. బాగుగా ఎండిన పూలు నెలల తరబడి ఏల నిలువ యుండును? చాలినంత నీరు లేనిదే సూక్ష్మజీవులు పెరగలేవు. ఎంత ఎండిన చాలునో ఇంటిలో పెద్దలెట్లు గుర్తింతురో, పిల్లలచేత వారి మాటలలోనే చెప్పింపగలవారు కోయభాష తెలిసినవారు. ఇంటి ఆచారమును నిందించుట గాని, సారా కాచుట నేర్పుట గాని ఈ పాఠమున పని లేదు.

ఒక సీసాలో నీటిలో నానవేసిన పూలు, మరొక దానిలో ఉడికించి చల్లార్చిన పూలు ఉంచి, రెండింటి మూతులకు రబ్బరు బుడగలు తొడిగిన చాలును. మొదటి బుడగ ఉబ్బలేదనుకొందము. గాలి కారినదా? వెచ్చదనము చాలలేదా? నానిన కాలము తక్కువా? ఒంటరి ఉపాధ్యాయుడు ఆ ప్రయోగమును మరల తలపెట్టుట అరుదు. ముగ్గురున్నచో అదియే మరుసటి వారపు పాఠమగును.

ఉన్నత పాఠశాలను కేంద్రముగా జేసి చుట్టుపట్ల బడులను కలుపు పాఠశాల సముదాయమును 1964–66 నాటి కొఠారీ కమిషన్ సూచించినది. ఆ కూటములలో పత్రములు నింపుటకు మారుగా, తప్పిన ప్రయోగమును నిస్సంకోచముగా చెప్పుకొను వేళ కావలెను. తప్పినదని చెప్పినవారికి అధికారులు సంజాయిషీ అడుగరాదు.

మరియొక చిక్కు కలదు. 2014లో చింతూరు, కూనవరము మొదలగు మండలములు ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. దుమ్ముగూడెము, చర్ల తెలంగాణలో నిలిచినవి. కోయ మాటలాడు పిల్లలు ఇరువైపుల రెండు ప్రభుత్వముల పుస్తకములు చదువుచున్నారు. ఇప్పచెట్టు మాత్రము రెండువైపుల ఒక్క కాలముననే పూయుచున్నది. ఒకవైపు ఉపాధ్యాయులు కూర్చిన పాఠము రెండవవైపు బడికి చేరుటకు, అచట దిద్దుబాటు పొంది తిరిగి వచ్చుటకు దారి ఏర్పరచుట ఇపుడు జరుగవలసిన పని.