దివ్యనామ కీర్తనలు - కూడి పాడుటలోని రసము

త్యాగరాజస్వామి (1767–1847) రచనలను విమర్శించు విద్వాంసులు ఘనరాగ పంచరత్నములకు అగ్రపీఠము వేసి, దివ్యనామ కీర్తనలను, ఉత్సవసంప్రదాయ కీర్తనలను భజనపాటలని ఒక మూలకు నెట్టుట పరిపాటియైనది. వీనిలో సంగతులు లేవనియు, రాగవిస్తారము లేదనియు, చరణ చరణమునకు ఒకే వరుస తిరుగుచుండుననియు వారి ఆక్షేపణ. మేము సంగీత విద్వాంసులము కాము. గుమాస్తాపని చేసి విశ్రాంతి పొందినవారము. అయినను ఈ కీర్తనలను వినుటయే గాక పదిమందితో కూడి పాడినవారమగుటచే, ఆ తీర్పు న్యాయము కాదని మనవి చేయుచున్నాము.

ఒకే వరుస అన్న మాట నిజమే. దివ్యనామ కీర్తనలో చరణములు అనేకములు. వానికన్నింటికిని ధాతువు ఒక్కటే. దీనిని లోపమనువారు పాటను కచేరీ వేదికమీదనే చూచుచున్నారు. భజనకూటమునకు వచ్చి చూడవలెను. నడుమ దీపము వెలుగుచుండును. పాడువారు దానిచుట్టు ప్రదక్షిణము చేయుచుందురు. భాగవతులు ఒక పాదము ఎత్తుకొందురు, తక్కినవారు అందుకొందురు. కొత్తగా వచ్చినవాడు మొదటి చరణమున పెదవి మాత్రమే కదల్చును. రెండవ చరణమున తాళము వేయును. మూడవదానికి వరుస పట్టుబడును. ఆ పిమ్మట అతని గొంతు ఏదో, పక్కవాని గొంతు ఏదో తెలియదు. పాడలేనివానికి చోటుంచుటకై స్వామి చేసిన ఏర్పాటిదని మా అభిప్రాయము. సంగతులు కూర్చుటలో అంతటి ప్రసిద్ధుడు ఇచ్చట వానిని మానినాడన్నచో అది చేతగాక కాదు గదా!

అన్నియు సమానములని మేమనము. కొన్ని దివ్యనామములలో సంబోధనల వరుసయే గాని భావపుష్టి లేదు. ఉత్సవసంప్రదాయ కీర్తనలు అట్లు కాదు. మేలుకొలుపు, ఆరగింపు, తాంబూలము, ఊయల, లాలి, హారతి - ఒక ఇంటి దినచర్య యంతయు వానిలో నున్నది. అందుచేతనే అవి ఇండ్లలో నిలిచినవి. కురంజి రాగములోని సీతాకల్యాణ కీర్తన తెలుగురాని తమిళుల పెండ్లిండ్లలోను వినబడుచున్నది.

వేలూరులో మా చిన్ననాటి శనివారపు భజనకు పిండిమర యజమాని యొకడు వచ్చుచుండెను. తమిళుడు. తెలుగక్షరము రాదు, పాటలను తమిళలిపిలో చీటీలపై వ్రాసికొని తెచ్చెడివాడు. ఆ లిపిలో ‘ప’కును ‘బ’కును భేదము లేదాయె, ఆయన పలుకుబడి ఎట్లుండెడిదో ఊహింపవచ్చును. పిల్లలము నవ్వెడివారము, పెద్దలు కసరెడివారు. పెద్ద సభలలో తరువాత మేము విన్న కచేరీలలో వెళ్లినట్లు జ్ఞాపకమున్నవే గాని ఏమి పాడిరో జ్ఞాపకము లేనివి పెక్కులు. ఆ మరయజమాని పాడిన చరణములు మాత్రము ఆయన ఉచ్చారణతోనే నేటికిని నోట మెదలుచున్నవి.

స్వామి శిష్యకోటియు ఇట్టి కలయికయే. తెలుగువాడు తంజావూరు సీమలో నివసించి తెలుగున రచింపగా, తిల్లైస్థానము, ఉమయాళ్పురము శిష్యులైన తమిళులు ఆ పాటలను వ్యాప్తి చేసిరి. మా వేలూరునకు సమీపముననున్న వాలాజాపేటలో స్థిరపడిన వేంకటరమణ భాగవతార్ సౌరాష్ట్రుడు. ఆయన వంశమువారు కాపాడిన వ్రాతప్రతులు మదురలోని సౌరాష్ట్ర సభకు చేరినవి. పరభాషీయులు అక్షరమక్షరము దాచిన పాటలివి.

తిరువయ్యారు ఆరాధన చరిత్రలో కలహమును గలదు. నిర్వాహకులు రెండు కక్షలై వేరువేరుగా ఉత్సవములు జరిపిరి. స్త్రీలకు పాడుటకే అనుమతి లేదు. బెంగుళూరు నాగరత్నమ్మగారు (1878–1952) స్వామి సమాధికి ఆలయము కట్టించియు, స్త్రీలను కూడగట్టుకొని వేరుగా పాడించవలసివచ్చెను. 1940 లో ఆ వర్గములు ఏకమైనవి. విద్వాంసులందరును వరుసగా కూర్చుండి పంచరత్నములను ఒక్కగొంతుగా పాడు పద్ధతి ఆ తరువాతిదే. ఆ దృశ్యమును చూచి పరవశించువారు, దివ్యనామములు ఆ పనినే అంతకు ముందునుండి చిన్న ఇండ్లలో, శిక్షణ లేని గొంతులతో చేయుచున్నవని గమనింపరు.

ఇక మన సంఘముల మాట. ఆరాధన దినమున ఒక బాలిక మైకు ముందు పాడును, తక్కినవారము చప్పట్లు కొట్టుదుము. బాలిక బాగుగనే పాడును. ఆమెతో ఎవ్వరును పాడరు. దివ్యనామము వంతు వచ్చినప్పుడు కాలము చాలదని మూడు చరణములతో ముగింతురు. పాటల పుస్తకములలోను మూడే అచ్చొత్తుచున్నారు. కొత్తవానికి వరుస పట్టుబడునది మూడవ చరణముననే గదా. వాడు నోరు తెరచునప్పటికి హారతిపళ్లెము వచ్చుచున్నది. వచ్చు ఏటి కరపత్రములోనైనను చరణములన్నియు అచ్చువేయించి, తెలుగు చదువరాని మన మనుమల కొరకు ప్రక్కనే తమిళ, కన్నడ లిపులలో కూడ ఇప్పింపవలెనని కార్యదర్శులను కోరుచున్నాము. కాగితపు ఖర్చునకు మా వంతు ఇదివరకే చెల్లించితిమి.