క్లాకర్స్ చలనచిత్రమునందలి బీభత్సము

మాదకద్రవ్యములు, హత్యలు వస్తువుగా గల చలనచిత్రములను సాహిత్యవిమర్శకు తగనివిగా త్రోసిపుచ్చుట మనలో పలువురకు అలవాటు. 1995లో స్పైక్ లీ దర్శకత్వమున వెలువడిన క్లాకర్స్ ను చూచిన పిమ్మట ఈ అలవాటును సడలించుకొనక తప్పదని మా తలంపు. 1992లో రిచర్డ్ ప్రైస్ ప్రకటించిన నవల దీనికి మూలము. రేయింబవళ్లు వీథిలో నిలిచి క్రాక్ అను మత్తుపదార్థమును అమ్ము కుర్రవాండ్రకు క్లాకర్లని వాడుకపేరు.

చిత్రారంభమున నామావళితోపాటు తుపాకిగుండ్లకు కూలినవారి ఛాయాచిత్రములు వరుసగా కానవచ్చును. నెత్తురు మొదలగువానివలన కలుగు బీభత్సమును భరతుడు క్షోభజమన్నాడు. సామాన్యమైన నేరచిత్రములలో జుగుప్స అంతటితో తీరును. ఇందు అది శోకమునకు దారితీయుచున్నది.

బ్రూక్లిన్ లోని పేదల వసతిగృహములకడ స్ట్రైక్ అను యువకుడు రాడ్నీ అను వ్యాపారి క్రింద క్రాక్ అమ్మును. రాడ్నీ చంపింపగోరిన డారిల్ హతుడగును. నేరమును ఒప్పుకొన్నవాడు మాత్రము స్ట్రైక్ అన్న విక్టర్. ఆత్మరక్షణకై కాల్చితినని అతని వాఙ్మూలము. రెండు ఉద్యోగములు చేయుచు భార్యాబిడ్డలను పోషించు మనుష్యుడు హంతకుడగుట డిటెక్టివ్ రాక్కో క్లైన్ కు నమ్మశక్యము కాదు. తమ్ముని కాపాడుటకే అబద్ధమాడెనని నిశ్చయించుకొని స్ట్రైక్ ను వెంటాడును.

ఈ అపనమ్మకమే చిత్రమునకు ప్రాణము. పైకది దయవలె కనబడును. పరిశీలించినచో, మనుష్యులను మంచివారు, చెడ్డవారు అని ముందుగానే రెండు గంపలకెత్తు తీర్పు అది. ప్రేక్షకులమైన మనమును రాక్కోతోపాటు ఆ తీర్పునే ఇచ్చి కూర్చుందుము. (మేమును మొదటిసారి అట్లే మోసపోతిమి.) తుదకు తల్లి నోట నిజము వెలువడును: చంపినవాడు విక్టరే. కష్టించి బ్రదుకువానికిని ఓర్పు తెగు గడియ ఒకటి ఉండునని ఆ డిటెక్టివ్ ఊహకు అందలేదు. శోకము ఇచ్చటనే పుట్టుచున్నది.

నవలలో కథనము స్ట్రైక్, రాక్కోల నడుమ మారుచుండును. చిత్రము స్ట్రైక్ వైపు మొగ్గినది. అందుచేత హార్వీ కైటెల్ ఎంత నిండుగా నటించినను రాక్కో అంతరంగము కొంత పలుచబడెను. ఇది లోపమే. కాని ఒక్క ఘట్టమున ఆ లోటు తీరినది. స్ట్రైక్ తుపాకితో టైరోన్ అను బాలుడు ఒకనిని చంపగా, బిడ్డకు శిక్ష తగ్గు తీరున కథనల్లి రాక్కోయే వానిచే చెప్పించును. విక్టర్ చెప్పిన మాటను త్రోసివేసినవాడు ఈ బాలునికి తానే మాటలందించుచున్నాడు. వ్యాఖ్య యేమియు లేదు, దృశ్యమే చాలును.

రైలుబొమ్మలపై మక్కువ గల స్ట్రైక్ నిజమైన రైలెక్కి నగరమును వీడుటతో చిత్రము ముగియును. కిటికీలోనుండి పడు ఆ వెలుగు మాకు ఒకింత తొందరపాటుగా తోచినది; టైరోన్ ఆ రైలులో లేడు.